పక్కవాళ్ల గ్లాసు మీద చెయ్యి

నిన్న మధ్యాహ్నం గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగడానికి కూర్చున్నాం, నేనూ, మా ఆఫీసులో కొత్తగా చేరిన శ్రావణీ. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. హోటలాయన అల్లం దంచి వేసిన చాయ్ రెండు గ్లాసుల నిండా పోసి బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, ఎటునుంచో సైరన్ కూత వినపడింది. అంబులెన్సుదే అయి ఉంటుంది. నా చేతులు అదేమీ ఆలోచించలేదు. ఒకటి వెళ్లి శ్రావణి గ్లాసు మీద బోర్లా పడింది. ఆ వెనకే రెండోది నా గ్లాసు మీద పడింది. ఆవిరికి అరచేతులు చుర్రుమన్నాయి, అయినా తియ్యలేదు. ఆ పిల్ల నా మొహాన్నీ నా చేతుల్నీ మార్చి మార్చి చూసింది.

“ఏమైంది మేడం? ఈగ పడ్డదా?”

“లేదు బిడ్డా. పడకుండ.”

“ఏం పడకుండ?”

పైకి చూశాను. తెల్లగా మెరిసే సీలింగు, దానికింద తిరుగుతున్న ఫ్యాను. ఏం చెప్పను? “అలవాటు,” అని చేతులు తీశాను. ఆ పిల్ల వదల్లేదు, సంగతేమిటో చెప్పమని కూర్చుంది.

అంతకుముందే పొద్దున ఆఫీసులో అడిగింది ఆ అమ్మాయి. “మేడం, ఈ ఊర్ల మంచిగ తినేటందుకు ఏడికి పోవాలె?” అని. నాకు అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉందా! ఫస్ట్ షిఫ్టు వాళ్ల కోసం పొద్దు పొడవకముందే పూరీలు వేసే బండి ఎక్కడుందో చెప్పాను. సాయంత్రం మిర్చి బజ్జీ ఎక్కడ తినాలో, ఎండాకాలం కుండలో అంబలి ఎవరి దగ్గర పులవకుండా ఉంటుందో, ఆదివారం తలకాయ కూర ఏ మెస్సులో దొరుకుతుందో చెప్పాను. బిర్యానీకి ఏ సెంటర్‌కు పోవాలో, ఏ సెంటర్ ముందు ముక్కు మూసుకుని నడవాలో కూడా చెప్పాను. ఒక్క చోటు మాత్రం చెప్పలేకపోయాను. బాలక్క హోటల్ ఇప్పుడు లేదు. హోటలే కాదు, హోటల్ నిలబడ్డ నేల కూడా లేదు. ఓపెన్‌కాస్ట్ గని అటువైపు జరుగుతూ వచ్చి ఆ జాగాను తవ్వేసుకుంది. ఇప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే ఎక్కడో లోతున డంపర్లు తిరుగుతుంటాయి. బాలక్క పొయ్యి ఉన్నచోటు ఆ గాలిలో ఎక్కడో ఉండాలి.

ఆ హోటల్‌కు బోర్డు లేదు. బాలక్క హోటల్ అంటే చాలు, ఆటోవాళ్లు సరిగ్గా దాని ముందే ఆపేవారు. గని గేటుకు పోయే రోడ్డు పక్కన గుంజలు పాతి, పైన రేకులు వేసి, చుట్టూ తడికలు కట్టిన పందిరి అది. ముందర నీళ్లు నింపిన మట్టి రంజన్లు ఉండేవి. ఎవరైనా వచ్చి ముంచుకుని తాగవచ్చు, అడగనక్కరలేదు. పొద్దున ఉప్మా, పూరీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, పచ్చిపులుసు. చాయ్ ఎప్పుడంటే అప్పుడు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డను కత్తితో కోసి ఊరుకోదు, చేత్తో పిసికి మరీ వేసేది. ఆ పచ్చిపులుసు కోసం సెలవునాడు కూడా సైకిలెక్కి వచ్చేవాళ్లుండేవారు. బాలక్క పొడుగు మనిషి, బక్కది. నోరు మాత్రం పెద్దది. తిట్టకుండా అన్నం పెట్టడం ఆమెకు చేతకాదు. “ఏందిరా, గా చేతులతోనే కూసుంటవా? బొగ్గు తింటవా, బువ్వ తింటవా?” అని ఒక పెద్ద మిషన్ ఆపరేటర్‌ను చెవి పట్టుకుని నల్లా దగ్గరికి తోలడం నేను కళ్లారా చూశాను. ఆయన నవ్వుకుంటూ వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు.

సరిగ్గా తిండి వేళకే గనిలో బ్లాస్టింగ్ జరిగేది. ముందు సైరన్ మోగేది. రోడ్డు మీద ఎర్రజెండాలు పట్టుకుని బండ్లను ఆపేవారు. కాసేపటికి కాళ్ల కింద నేల కదిలేది, ఆ తరువాత చప్పుడు వచ్చేది. ఆ కుదుపుకు హోటల్ రేకుల మీదా వాసాల మీదా పేరుకున్న బొగ్గు దుమ్మంతా జలజలా రాలి తినేవాళ్ల పళ్లేల్లో పడేది. అందుకని బాలక్క ప్రతి పళ్లెం కిందా ఇంకో ఖాళీ పళ్లెం పెట్టి ఇచ్చేది. సైరన్ వినపడగానే కిందిది తీసి పైన బోర్లించాలి. చాయ్ గ్లాసుకైతే అరచెయ్యే మూత. గని పక్కన బతికే ఎవరికైనా ఇంతవరకు తెలిసిందే. బాలక్క హోటల్‌లో తేడా ఏమిటంటే, అక్కడ ముందే ఎవరిది వాళ్లు మూసుకోకూడదు. పక్కవాళ్లది మూయాలి.

దానికో కారణం ఉందట. తినేటప్పుడు ఒకడు చెయ్యి కడుక్కోవడానికి లేచి ఉంటాడు, ఇంకొకడు రంజన్ దగ్గర నీళ్లు తాగుతుంటాడు. సైరన్ మోగగానే అందరూ ఎవరి పళ్లెం కోసం వాళ్లు ఉరికి, ఒకరి మీద ఒకరు పడి, కూర ఒలికి, తిట్టుకుని, ఒకసారి కొట్టుకునేదాకా పోయింది. ఆనాడు బాలక్క పెట్టిన నియమం, ఆమె మాటల్లో కాయిదా, అది. అప్పటినుంచి ఎవడైనా మరిచిపోయి ముందు తన గ్లాసే మూసుకున్నాడంటే అయిపోయినట్టే. “ఏంది బావా, నీ చాయకు నువ్వే కావలి కాస్తున్నవా? ఎవలన్న ఎత్కపోతరా దాన్ని?” అని పోశం కాక అందుకునేవాడు, హోటలంతా నవ్వేది. బెంచీ కొసకు కూర్చున్నవాళ్లవి బాలక్కే వచ్చి మూసేది. పొయ్యి గట్టు మీద ఆమె చాయ్ గ్లాసు మాత్రం తెరిచే ఉండేది. దుమ్ము పడ్డ చాయ్ పారబోసి మళ్లీ పోసుకునేది. ఆ సంగతి నేను చాలా రోజులు గమనించనే లేదు.

నేను ఆ హోటల్‌కు చేరడం ఆకలితో చేరాను. మా ఆయన రాజమల్లు ఆ గనిలోనే డంపర్ నడిపేవాడు. పచ్చకామెర్లు ముదిరి, చూస్తుండగానే పోయాడు. అప్పటికి మా పాప ఇంకా పాలు మానలేదు. నౌకరిలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి కంపెనీ నౌకరి ఇస్తుంది. ఆ పని మీద నేను పాపను మా అమ్మ దగ్గర వదిలి, పల్లె నుంచి బస్సెక్కి వచ్చి ఆఫీసు చుట్టూ తిరిగేదాన్ని. పొద్దున వస్తే సాయంత్రం దాకా వరండాలో నిలబడటమే పని. ఊళ్లో హోటళ్లకు లోటా? కానీ ఎందులో చూసినా మగవాళ్లే. కొత్తగా మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడది ఒక్కతే పోయి వాళ్ల నడుమ కూర్చుని బుక్కలు మింగుతుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? చూసినవాళ్ల సంగతి అటుంచండి, నాకే తప్పనిపించేది. మనిషి పోయాక ఇంకా ఆకలి ఎందుకు వేస్తుందా అని నా కడుపు మీద నాకే కోపం వచ్చేది. బస్టాండు నల్లా దగ్గర నీళ్లు తాగి బస్సెక్కేదాన్ని.

ఒకరోజు ఎండకు కళ్లు తిరిగి, బాలక్క హోటల్ ముందున్న రంజన్ దగ్గర ఆగాను. ఒక గ్లాసు తాగాను, ఇంకోటి ముంచాను. లోపలి నుంచి గొంతు వినపడింది.

“ఓ పిల్లా, ఉత్త కడుపుల గన్ని నీళ్లు పోస్తవేందే? ఎవల పిల్లవు?”

చెప్పాను. రాజమల్లు పేరు వినగానే ఆమె చేతిలోని గరిట ఆగింది.

“రాజమల్లు పెండ్లానివా? గా కొసకు కూసునేటోడు. పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఇంకింత ఎయ్యమనేటోడు.” గరిట పక్కన పెట్టి, “లోపటికి రా. కూసో,” అంది.

“వద్దక్కా, ఈడ్నే నిలబడి తింట.”

“నిలబడి తినేటందుకు నువ్వేమన్న బర్రెవా?”

“అట్లయితే ఎన్క కూసుంట. పొయ్యి కాడ.”

“పొయ్యి కాడ నేను కూసుంట. నీ జాగ గక్కడ,” అని ముందు బెంచీ చూపించింది. అక్కడ కూర్చున్న పోశం కాక గబుక్కున పక్కకు జరిగాడు. గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర డ్యూటీ ఆయనది. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. నవ్వితే కళ్లు మూతలు పడేవి. “రా బిడ్డా,” అన్నాడు. కూర్చున్నాను. అన్నం వచ్చింది, పచ్చిపులుసు వచ్చింది, అడగకుండానే ఉల్లిగడ్డ ఎక్కువ వచ్చింది. తలెత్తకుండా తింటున్నాను. సైరన్ మోగింది. ఏమిటో అర్థమయ్యేలోపల పోశం కాక నా కింది పళ్లెం లాగి నా అన్నం మీద బోర్లించాడు. నా చెయ్యి లోపలే ఉండిపోయింది.

“చెయ్యి తియ్యి బిడ్డా. చేతికి గూడ మూత పెట్టాల్నా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వానని తెలియగానే ఏడుపు ముంచుకొచ్చింది. తలవంచి, ఆ బోర్లించిన పళ్లెం మీద కన్నీళ్లు పెట్టుకున్నాను. మూత ఉంది కాబట్టి అన్నంలో పడలేదు. పేల్చడం అయిపోయిందని చెప్పే రెండో సైరన్ మోగాక మూత తీసి మళ్లీ తిన్నాను. ఆ రోజు నుంచి ఆఫీసు పని మీద వచ్చినప్పుడల్లా అక్కడే తిన్నాను. పక్కవాళ్లది మూయడం రెండో రోజుకే నేర్చుకున్నాను.

అదే రోజుల్లో మా అత్తగారింట్లో మాట మొదలైంది. ఆ నౌకరి నాకెందుకు, మా మరిది సదానందం చేస్తాడు కదా అని. సదానందం చెడ్డవాడు కాదు. అన్న దవాఖానలో ఉన్నన్నాళ్లూ మంచం పక్కన నేల మీద పడుకున్నది వాడే. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. “వదినె, మొగోళ్ల నడుమ నువ్వు డ్యూటీ ఏం చేస్తవ్? నేను చేస్త. నిన్నూ పాపనూ నేను సూస్కుంట. నా మీద నమ్మకం లేదా?” అన్నాడు. ఆ మాట అంటుంటే వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడు అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనను. నౌకరి వాడికివ్వడం నాకు సమ్మతమేనని సంతకం పెడితే చాలు. నిజం చెప్పాలంటే నాకు ఊరటగానే ఉంది. ఈ ఆఫీసు చుట్టూ తిరగడాలు, వరండాలో నిలబడటాలు, మగవాళ్ల చూపులు, అన్నీ ఒక్క సంతకంతో పోతాయి. పెడదామనే అనుకున్నాను.

ఆ మాటే ఒక మధ్యాహ్నం బాలక్కకు చెప్పాను. తినేవాళ్లంతా వెళ్లిపోయారు. ఆమె అన్నం గంజును బూడిదతో తోముతోంది. అంతా విని, “మంచోడా?” అని అడిగింది.

“మంచోడే అక్కా.”

“పోశం గూడ మంచోడే,” అంది.

పోశం కాక సంగతి ఇప్పుడెందుకో అర్థం కాలేదు నాకు. గంజును పక్కన పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ చెప్పింది. “పోశం నాకేమైతడో ఎర్కనా? మరిది. మా ఇంటాయన బొగ్గు బాయిల పనిచేసేటోడు. ఆయన పోయినంక నౌకరి నీకన్న ఇస్తరు, నీ మరిదికన్న ఇస్తరు అన్నరు. ఆడదాన్ని, నాకెందుకన్న. పోశం అప్పుడు మీసాలు సక్కగ రాని పిల్లగాడు. వదినె, నేను సూస్కుంట అన్నడు. ఏలిముద్ర ఏసిన.”

“మరి సూస్కోలేదా?”

“ఎందుకు సూస్కోలే? సూసిండు. పెండ్లయ్యేదాక సూసిండు. ఆని పెండ్లాం వచ్చినంక గూడ కొన్నొద్దులు సూసిండు. తర్వాత పిల్లలాయె, రోగాలాయె, ఆని కష్టం ఆనిదాయె. ఒకనాడు ఇంట్ల బియ్యం నిండుకున్నయి. పోయి ఆని వాకిట్ల నిలబడ్డ. నోరు రాలే. ఏందొదినె అన్నడు. ఏం లేదు, ఊకెనే వచ్చిన అని మళ్లిన. తెల్లారే గీ పొయ్యి ముట్టిచ్చిన.” మళ్లీ గంజు అందుకుంది. “నేను ఆన్ని తిట్టనే. మంచోడే. మంచోడు కాకుంటే నేను ఇయ్యకపోదు గద.”

నేనొచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని, నా పళ్లెం మూసి, హోటలంతా నవ్వించే మనిషి తినే అన్నం ఈమె వేలిముద్రది. ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆమె వండుతోంది, ఆయన తింటున్నాడు.

“అయితే సంతకం పెట్టద్దంటవా అక్కా?”

“నేనేమంటనే? నీ సంసారం నీది. బువ్వ తిన్నవా లేదా, గంతే నేనడిగేది,” అని అటు తిరిగిపోయింది.

సంతకం పెట్టాల్సిన రోజు రానే వచ్చింది. అత్తా, సదానందమూ పల్లె నుంచి మధ్యాహ్నం బస్సుకు దిగారు. ఆఫీసుకు పోయేముందు చాయ్ తాగుదామంది అత్త. నాకు తెలిసిన చోటు ఒక్కటే, అక్కడికే తీసుకుపోయాను. బెంచీ మీద మేం ముగ్గురం కూర్చున్నాం. ఒక పక్క అత్త, ఒక పక్క సదానందం, నడుమ నేను. ఎదురు బెంచీలో పోశం కాక. బాలక్క అందరికీ చాయ్ పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. సదానందం సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “బిడ్డా, నిన్ను నా కడుపుల పెట్టుకుంట. పాపకు నేనున్న. సంతకం పెట్టు, నీ తిప్పలు తప్పుతయి,” అంది అత్త. నా చెయ్యి పట్టుకుంది కూడా. నా నోట్లోంచి సరేనన్న మాట వచ్చేసేదే.

సైరన్ మోగింది. అప్పటికే నా చేతులు ఆ హోటల్‌కు అలవాటుపడిపోయాయి. ఒక చెయ్యి అత్త గ్లాసు మీద పడింది, ఒక చెయ్యి సదానందం గ్లాసు మీద పడింది. వాళ్లకు ఇదంతా కొత్త. ఏమవుతోందోనని పైకీ కిందికీ చూస్తున్నారు. నేల కదిలింది, రేకులు దడదడలాడాయి, దుమ్ము రాలింది. ఎప్పుడూ కొసకు కూర్చున్నవాళ్ల గ్లాసులు మూయడానికి వచ్చే బాలక్క ఆ రోజు పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. కావాలనే కదల్లేదని తరువాత తెలిసింది. రెండో సైరన్ మోగాక చేతులు తీశాను. సదానందం గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు.

“సుగుణా,” అంది బాలక్క పొయ్యి దగ్గర్నుంచే. “నీ చాయ సూస్కో.”

చూశాను. మీగడ మీద నల్లగా తెట్టు కట్టి ఉంది. నాకు రెండు వైపులా నావాళ్లే ఉన్నారు. వాళ్ల చాయ్ శుభ్రంగా ఉంది. వాళ్లను ఏమనను? ఆ కాయిదా వాళ్లకు తెలియదు. కానీ తెలిసిన నా చేతులు రెండూ ఏం చేశాయి? నా గ్లాసు నాకు గుర్తు కూడా రాలేదు. రాజమల్లు పోయిన దగ్గర్నుంచీ నేను ఎలా బతుకుతున్నానో ఆ గ్లాసులో కనపడింది.

“అయ్యో, ఇంకో చాయ పొయ్యరాదుండ్రి,” అంది అత్త. ఆమె మామూలుగానే అంది.

పోశం కాక లేచాడు. పక్కవాడు మూసిన తన గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, దుమ్ము పడ్డది తను తీసుకున్నాడు. “నేనింక ముట్టలే బిడ్డా. ఇది తాగు,” అన్నాడు. వెళ్లి కూర్చోలేదు. సదానందం వైపు తిరిగాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

“తమ్మీ, నేను గూడ నీ లెక్కనే సూస్కుంట అన్న. అబద్ధం చెప్పలే. నిజంగనే సూస్కుందామనుకున్న.” బాలక్క వైపు చెయ్యి చూపించాడు గాని, తల అటు తిప్పలేదు. “గామె చాయల రోజూ దుమ్ము పడుతది. నేను గీడ కూసోని రోజూ సూస్త. ఒక్కనాడన్న లేచి పోయి గా గ్లాసు మీద చెయ్యి పెట్టలే. మొకం చెల్లలే నాకు. నీకా గతి వద్దు తమ్మీ.”

“ఏయ్ పోశం, నోరు ముయ్,” అంది బాలక్క. ఆ గొంతులో తిట్టు లేదు.

నేను ఆ చాయ్ తాగాను. చివరి చుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టాను. “సదానందం, నౌకరి నేనే చేస్త,” అన్నాను. “నిన్ను నమ్మక కాదు. నువ్వు మంచోనివి. మంచోనిగనే ఉండు.”

అత్త విసురుగా లేచింది. “మొగోళ్ల నడుమ కూసోని చాయ తాగుతున్నప్పుడే అనుకున్న,” అని వెళ్లిపోయింది. సదానందం కాగితం నెమ్మదిగా మడిచి సంచీలో పెట్టుకున్నాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. తల్లి వెనకే నడిచాడు. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ ఇంటి గడప తొక్కనివ్వలేదు నన్ను. సదానందానికి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికిందని ఎవరో చెబితే విన్నాను. మా పాప పెళ్లికి మాత్రం వచ్చాడు. నాతో మాట్లాడలేదు. దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరి, భోంచేసి వెళ్లాడు. తినే వెళ్లాడు, నాకది చాలు.

ఆ రోజు వాళ్లు వెళ్లాక నేను బల్ల మీద తల పెట్టి ఏడుస్తుంటే బాలక్క వచ్చి పక్కన కూర్చుంది. “ఏడిస్తే ఏడువు గని, ఇనుకో. పక్కోనిది మూయమన్న నేను. నీది ఇడిసిపెట్టుమని ఎప్పుడన్న అన్ననా? రెండు చేతులున్నయి గదనే నీకు.”

“మరి నీదెందుకు మూసుకోవక్కా నువ్వు?”

“పొయ్యి మీద పాలు పొంగుతున్నయి,” అని లేచిపోయింది. పాలేమీ పొంగడం లేదు.

మర్నాడు సైరన్ మోగినప్పుడు పోశం కాక బెంచీ దిగి, తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచి, గట్టు మీదున్న బాలక్క గ్లాసు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. హోటల్ మొత్తం చూస్తోంది. “ఏందిరా గీ ఏషాలు? పో, నీ జాగల కూసో పో,” అని గదమాయించింది ఆమె. ఆయన కదల్లేదు. ఆమె కూడా ఆ చెయ్యి తీసెయ్యలేదు. దుమ్ము రాలడం ఆగాక ఆ చాయ్ తీసుకుని, మాకు వీపు తిప్పి తాగింది. అప్పటినుంచి అది ఆయన డ్యూటీ అయింది.

నేను నౌకరిలో చేరాను. మొదట మజ్దూరుగా స్టోర్సులో బూట్లూ టోపీలూ అందించాను. తరువాత పరీక్ష రాసి క్లర్కునయ్యాను. డ్యూటీ రోజుల్లో మధ్యాహ్నం ఆ ముందు బెంచీ మీదే అన్నం తిన్నాను. నన్ను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. వరండాలో గోడ వైపు తిరిగి టిఫిన్ డబ్బా తెరుచుకునేవాళ్లు బెంచీ మీదికి వచ్చి కూర్చోవడం, కాళ్లు చాపుకుని పచ్చిపులుసు ఇంకొంచెం పొయ్యమని అడగడం, అదంత చిన్న సంగతి కాదు. ఎవరికైనా చిన్నదిగా కనపడితే వాళ్లు ఎప్పుడూ నిలబడి తినలేదన్నమాట.

ఆ తరువాత గని దగ్గరికొచ్చింది. రోడ్డు మారింది. దుకాణాలన్నీ లేచిపోయాయి. చివరి రోజు బాలక్క పళ్లేలూ గ్లాసులూ తినడానికి వచ్చినవాళ్లందరికీ పంచేసింది. “ఇంకో పొయ్యి పెట్టే సత్తువ లేదే నాకు,” అంది. నేనడిగితే నాకూ ఒక గ్లాసిచ్చింది. ఊళ్లో ఒక గదిలో ఉండేది. ఆదివారాలు వెళ్లేదాన్ని. కొన్నేళ్లకు ఆయాసం పట్టుకుంది, దవాఖానలో చేర్చాం. అప్పటికి రిటైరైపోయిన పోశం కాక మధ్యాహ్నం పూట ఫ్లాస్కులో చాయ్ తెచ్చేవాడు. తనే కాచేవాడు. “చక్కెర కుప్పలు పోస్తడు. అయినా తాగుతున్న,” అని నాతో చాటుగా చెప్పేది.

అలా ఒక మధ్యాహ్నం ఆయన మా ఇద్దరికీ చాయ్ పోసి, ఫ్లాస్కు కడగడానికి నల్లా దగ్గరికి వెళ్లాడు. స్టూలు మీద రెండు గ్లాసులున్నాయి. బాలక్క కళ్లు మూసుకుని ఉంది. కిటికీ కింద అంబులెన్సు కూసింది. సూది గుచ్చి టేపు వేసిన ఆ చెయ్యి మంచం మీది నుంచి లేచింది. గాలిలో తడుముకుంటూ వచ్చి నా గ్లాసు మీద వాలింది. నేను ఆమె గ్లాసు మీద చెయ్యి పెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచి పైకప్పు చూసింది.

“రేకులు లేవు గదనే ఈడ.”

“లేవక్కా.”

“అయినా ఉండనీ,” అంది. చెయ్యి తియ్యలేదు. కూత ఎప్పుడో ఆగిపోయినా ఇద్దరం అలాగే ఉండిపోయాం. పోశం కాక వచ్చి చూసి, మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. ఆ తరువాత బాలక్క ఎక్కువ రోజులు లేదు.

ఇదంతా చెప్పడం అయ్యేసరికి శ్రావణి చాయ్ చల్లారిపోయింది. ఆ పిల్ల అలాగే తాగేసింది. బాలక్క ఇచ్చిన గ్లాసు ఆఫీసులో నా బల్ల మీదే ఉంటుంది. తిండి వేళకు ఎవరు ఒక్కరే నిలబడి తింటున్నా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను, తిట్టి మరీ కూర్చోబెట్టుకుంటాను. సైరన్ వినపడితే నా చెయ్యి ముందు పక్కవాళ్ల గ్లాసు మీదికే వెళుతుంది. నా గ్లాసు మీద పడాల్సిన చెయ్యి ఇన్నేళ్లయినా ఒక్క క్షణం ఆలస్యంగానే పడుతుంది. కానీ పడుతుంది.